కాఫీ చౌక, కుర్చీ ఉచితం

నాలుగు నగరాలు, నాలుగు కాఫీ హౌస్‌లు, సంచీలో అరడజను పుస్తకాలు. కార్మికులే యజమానులై ఆరు దశాబ్దాలకు పైగా నడుపుకొస్తున్న ఈ హోటళ్లలో నిజానికి అమ్ముడయ్యేది కాఫీ కాదు.

"ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు." తెలుగు పట్టణాల కాఫీ హోటళ్లలో ఒకప్పుడు ధరల పట్టిక పక్కనే వేలాడిన బోర్డు ఇది. యజమాని ఏదో పార్టీ మీద కక్షతో రాయించింది కాదు. రాజకీయం మొదలైతే గొంతులు లేస్తాయి, మనుషులు లేవరు. ఒక్క కాఫీ తాగి రెండు గంటలు కూర్చునేవాడి వల్ల హోటల్‌కు మిగిలేది నష్టమే. తిన్నవాడు లేస్తేనే తినాల్సినవాడు కూర్చుంటాడు, గల్లాపెట్టె నిండుతుంది. హోటల్ వ్యాపారానికి ఇది మొదటి సూత్రం.

ఈ సూత్రాన్ని పట్టించుకోని హోటళ్లు దేశంలో ఇంకా ఉన్నాయి. అక్కడ రాజకీయాలు మాట్లాడవచ్చు. సాహిత్యం, సినిమా, ఫుట్‌బాల్, పక్కింటివాళ్ల పెళ్లి సంబంధం కూడా మాట్లాడవచ్చు. ఏమీ మాట్లాడకుండా పేపరు ముందు పెట్టుకుని పూటంతా గడిపినా సర్వర్ వచ్చి బిల్లు పెట్టడు. ఆ పేరు ఇండియన్ కాఫీ హౌస్. దేశవ్యాప్తంగా ఇవి నాలుగు వందలకు దగ్గరగా ఉంటాయని అంచనా. వీటిని నడిపేది ఏ సేఠూ కాదు, అందులోనే పనిచేసే కార్మికుల సహకార సంఘాలు.

పనుల మీద కోల్‌కతా, ఢిల్లీ, కేరళ, బెంగళూరు తిరగాల్సి వచ్చినప్పుడు ప్రతి ఊళ్లోనూ కాఫీ హౌస్‌కు ఒక పూట కేటాయించాను. రైల్లో చదువుకోవడానికి తీసుకెళ్లినవి కూడా వాటితో సంబంధం ఉన్న పుస్తకాలే. హోటల్‌లో కళ్లకు కనిపించింది ఒకటి, పుస్తకాలు చెప్పింది ఇంకొకటి. ఆ రెండింటినీ పక్కపక్కన పెడితే తేలిన విషయం ఒకటుంది: కాఫీ హౌస్ ఇన్నేళ్లూ అమ్మింది కాఫీని కాదు, కూర్చునే హక్కుని. ఇప్పుడు ప్రమాదంలో పడింది కూడా అదే.

కాలేజీ స్ట్రీట్ మేడ మీద

కోల్‌కతా కాలేజీ స్ట్రీట్‌ను బెంగాలీలు 'బొయి పాడా' అంటారు, పుస్తకాల పేట అని అర్థం. ఫుట్‌పాత్ పొడవునా రేకు, చెక్క బడ్డీలు. పోటీ పరీక్షల గైడ్ల గుట్టల మధ్య ఎక్కడో మార్క్స్, ఆ పక్కనే శరత్. ప్రెసిడెన్సీ కళాశాలకు (2010 నుంచి విశ్వవిద్యాలయం) ఎదురుగా ఉన్న సందులో పాత భవనం మెట్లెక్కితే మొదటి అంతస్తులో ఆల్బర్ట్ హాల్. ఎత్తయిన పైకప్పు, పొడవాటి కడ్డీలకు వేలాడే ఫ్యాన్లు, గోడ మీద నిలువెత్తు రవీంద్రుడు, పైన చుట్టూ బాల్కనీ. లోపల అడుగుపెట్టగానే ముందుగా తగిలేది కాఫీ వాసన కాదు, చప్పుడు. వందల గొంతులు కలిసిపోయిన హోరు.

ఈ హాలుకు చర్చలు కొత్తకాదు. 1876లో సురేంద్రనాథ్ బెనర్జీ, ఆనందమోహన్ బోస్ ఇండియన్ అసోసియేషన్‌ను ప్రారంభించింది ఇక్కడే. కాంగ్రెస్ పుట్టుకకు రెండేళ్ల ముందు, 1883లో, మొదటి జాతీయ మహాసభ జరిగిందీ ఇక్కడే. 1942లో అదే హాలు కాఫీ హౌస్ అయింది. అంటే ఉపన్యాసాలు పోయి కబుర్లు వచ్చాయి. బెంగాలీలు మాత్రం రెంటికీ పెద్ద తేడా ఉందని ఒప్పుకోరు.

తెల్ల చొక్కా, నడుముకు పట్టీ, తలమీద విసనకర్రలాంటి కుచ్చుతో తలపాగా ఉన్న సర్వర్‌ను 'ఇన్ఫ్యూజన్' అడిగాను. పాలు కలపని కాఫీకి ఇక్కడి పేరు అది. మన ఫిల్టర్ కాఫీ అలవాటున్న నాలుకకు ఇది నీళ్లలాగే ఉంటుంది, పైగా చేదు. దానితో చికెన్ కబిరాజీ తెప్పించుకుంటే మాత్రం పశ్చాత్తాపపడరు. కట్లెట్ చుట్టూ కోడిగుడ్డు సొనను జల్లెడలా పరిచి వేయించిన వంటకమిది. ఇంగ్లిష్ 'కవరేజ్' బెంగాలీ నోళ్లలో నలిగి కబిరాజీ అయిందంటారు. ఒక ప్లేటు నలుగురు పంచుకోవడం ఇక్కడ చిన్నతనం కాదు, ఆచారం.

ఈ బల్లల దగ్గర గడిపిన గంటల గురించి అమర్త్య సేన్ 2021లో వెలువడిన తన స్వీయచరిత్ర 'హోమ్ ఇన్ ద వరల్డ్'లో రాశారు. 1951లో ప్రెసిడెన్సీలో చేరిన ఆ శాంతినికేతన్ కుర్రాడికి రోడ్డుకు అవతల దొరికిన రెండో తరగతి గది ఇది. తరగతి గదిలో మాట్లాడేది ఒకరే, ఇక్కడ అందరూ. అదీ తేడా.

ఇంకాస్త లోతుగా వెళ్లాలనుకునేవారికి దీపేశ్ చక్రవర్తి 'ప్రొవిన్షియలైజింగ్ యూరప్' (2000) ఉంది. గంభీరమైన చరిత్ర సిద్ధాంత గ్రంథంలో ఆయన ఒక అధ్యాయం మొత్తాన్ని అడ్డాకు కేటాయించారు. తెలుగులో అడ్డా అంటే కూలీల కోసం, ఆటోల కోసం నిలబడే చోటు. బెంగాలీలో అది ప్రయోజనం లేని సుదీర్ఘ సంభాషణ. పని, లాభం, సమయపాలన అని పరుగెత్తే ఆధునిక నగరంలో మనిషి తనకంటూ కాస్త చోటు వెతుక్కునే ప్రయత్నంగా ఆయన దాన్ని చూస్తారు. అయితే కీర్తించి ఊరుకోరు. అడ్డా ప్రధానంగా మగవాళ్ల వ్యవహారమన్న సంగతినీ దాచరు. పగలంతా కబుర్లు చెప్పే భర్తకు రాత్రి అన్నం వండి ఎదురుచూసేది ఎవరన్న ప్రశ్న ఆ అధ్యాయం చదువుతుంటే తప్పక ఎదురవుతుంది.

ఇప్పటి ఆల్బర్ట్ హాల్‌లో ఆ దృశ్యం మారింది. నేను కూర్చున్న మూలలో అయిదు బల్లలుంటే మూడింటి చుట్టూ అమ్మాయిలే. ఒక బల్ల మీద నోట్సుల మార్పిడి, ఒక బల్ల మీద చిన్న పత్రిక ప్రూఫులు. మూడో బల్లమీద ఎవరో ఏడుస్తుంటే ఇద్దరు ఓదారుస్తున్నారు. కాఫీ హౌస్ స్నేహితులు తలో దిక్కయిపోయిన కథతో మన్నాడే 1983లో పాడిన పాట బెంగాల్‌లో తెలియనివారు లేరు. నలభై ఏళ్లుగా ఆ పాట విని కాఫీ హౌస్ అంటే పోయిన కాలమని అనుకునేవారికి ఈ మూడు బల్లలూ జవాబు.

రాజధాని డాబా మీద

కోల్‌కతాలో కాఫీ హౌస్‌కు చరిత్రతో గౌరవం దక్కింది. ఢిల్లీలో అదే చరిత్ర దాన్ని మేడ మీదికి తరిమింది.

కన్నాట్ ప్లేస్ పక్కనే బాబా ఖడక్ సింగ్ మార్గ్‌లో మోహన్ సింగ్ ప్లేస్ అని ఒక మున్సిపల్ మార్కెట్. కొలతలు ఇస్తే గంటల్లో జీన్స్ కుట్టి ఇచ్చే దుకాణాలకు పేరు. కుట్టుమిషన్ల మోత దాటుకుని పైకి వెళితే చివరి అంతస్తులో కాఫీ హౌస్, దాని ముందు విశాలమైన డాబా. వెలిసిన గోడలు, పాతబడిన కుర్చీలు, అప్పుడప్పుడూ పిట్టగోడ మీదికి వచ్చే కోతులు. సాయంత్రం నాలుగయ్యేసరికి రిటైరైన ఉద్యోగులు, పాత సోషలిస్టులు, హిందీ కవులు ఒక్కొక్కరే చేరతారు. ఎవరి బల్ల వారికి ఉంది. కొత్తవాడు తెలియక కూర్చుంటే లేవమనరు, పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని చర్చలోకి దించుతారు.

అసలు కాఫీ హౌస్ ఇక్కడిది కాదు. కన్నాట్ ప్లేస్ నడిబొడ్డున ఉండేది. రామ్ మనోహర్ లోహియా వంటి నాయకులు, రచయితలు, చిత్రకారులు, విలేకరులు ఒకే కప్పు కింద కూర్చునేవారు. ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, దాన్ని కూల్చేశారు. ఆ స్థలంలో తర్వాత భూగర్భ బజారు వచ్చింది, అదే పాలికా బజార్. నగర సుందరీకరణ అన్నది సర్కారు మాట. సర్కారుకు గిట్టని మాటలు అక్కడ ఎక్కువగా వినపడటమే కారణమన్నది పాత ఖాతాదారుల నమ్మకం. డాబా మీద ఈ కథ ఇప్పటికీ నిన్న జరిగినట్లే చెబుతారు.

ఈ కథ వింటున్నప్పుడు సంచీలో ఉన్నది యుర్గెన్ హాబర్మాస్ పుస్తకం. రాజనీతిశాస్త్రం విద్యార్థులందరికీ పేరు తెలిసిన, కొందరు మాత్రమే పూర్తిచేసిన 'ద స్ట్రక్చరల్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఆఫ్ ద పబ్లిక్ స్ఫియర్'. జర్మన్‌లో 1962లో, ఇంగ్లిష్‌లో 1989లో వచ్చింది. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల లండన్ కాఫీ హౌస్‌లు అందులో ముఖ్యపాత్రలు. రాజాస్థానానికి వెలుపల, హోదాతో పనిలేకుండా, పత్రికలో చదివిన విషయంపై మామూలు మనుషులు వాదించుకోవడం మొదలుపెట్టిన చోట్లవి. ప్రజాభిప్రాయమన్న మాటకు అక్కడే ప్రాణం వచ్చిందన్నది ఆయన వాదన సారం.

రాజులకూ ఆ సంగతి తెలుసు. 1675 డిసెంబర్‌లో ఇంగ్లండ్ రాజు రెండో ఛార్లెస్ కాఫీ హౌస్‌లన్నీ మూసేయాలని ఫర్మానా జారీ చేశాడు. ప్రభుత్వం మీద పుకార్లు పుట్టిస్తున్నాయన్నది అభియోగం. జనం గగ్గోలు పెట్టడంతో పదిహేను రోజులైనా తిరగకుండానే వెనక్కి తీసుకున్నాడు. మూడు వందల ఏళ్ల తర్వాత ఢిల్లీలో గోడలు కూలాక వెనక్కి తీసుకోవడానికి ఏమీ మిగల్లేదు.

మోహన్ సింగ్ ప్లేస్ డాబాకు తెలుగువారితో చిన్న చుట్టరికం ఉంది. చక్రపాణి అనువాదాలతో శరత్‌ను తమవాడిని చేసుకున్న తెలుగు పాఠకులకు ఆయన జీవితం గురించి తెలిసిన చాలా సంగతులకు మూలం 'ఆవారా మసీహా' అన్న హిందీ జీవితచరిత్ర. 1974లో వచ్చిన ఆ పుస్తకం కోసం ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి వివరాలు సేకరించిన విష్ణు ప్రభాకర్, ఈ కాఫీ హౌస్‌కు నిత్య అతిథి. పాతఢిల్లీ అజ్మేరీ గేట్ వైపు ఇంటి నుంచి నడిచి వచ్చేవారు. 2009లో తొంభై ఏడో ఏటికి చేరువలో కన్నుమూశారు. బెంగాలీ రచయిత జీవితాన్ని హిందీ రచయిత రాస్తే తెలుగువాడు దాని గురించి ఢిల్లీ డాబా మీద తలచుకోవడం. కాఫీ హౌస్‌కు తగిన గొలుసే.

ఏకేజీ కాఫీ పాఠం

ఢిల్లీ నుంచి తిరువనంతపురం వెళ్లే కేరళ ఎక్స్‌ప్రెస్‌లో రెండు రాత్రులు. మధ్యలో వరంగల్, విజయవాడ. విజయవాడ ప్లాట్‌ఫాం మీద కాగితం కప్పులో కాఫీ తాగడానికి దొరికిన వ్యవధి రైలు కదిలేంతవరకే. ప్రయాణికుడికి కాఫీ అంటే అంతే, గుటకలో పూర్తికావాలి. కూర్చుని తాగే కాఫీకి ఎంత పోరాటం జరిగిందో చెప్పే పుస్తకాలు అప్పుడే తెరిచాను.

రాజనీతిశాస్త్రం, న్యాయశాస్త్రం చదివినవారికి ఎ.కె.గోపాలన్ పేరు మొదట ఎదురయ్యేది ఒక కేసుగా. 1950 నాటి 'ఎ.కె.గోపాలన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ మద్రాస్'. ముందస్తు నిర్బంధం, రాజ్యాంగం 21వ అధికరణ, వ్యక్తి స్వేచ్ఛ. పరీక్షల్లో తప్పక వచ్చే ప్రశ్న. ఆ గోపాలనే కాఫీ హౌస్‌లకు రెండో పుట్టుక ఇచ్చాడన్న సంగతి పాఠ్యపుస్తకాల్లో ఉండదు. ఆయన ఆత్మకథ 'ఇన్ ద కాజ్ ఆఫ్ ద పీపుల్' (1973) చదివితే ఆ రెండు గోపాలన్‌లూ ఒకరేనని తెలుస్తుంది. 1931 గురువాయూర్ ఆలయ ప్రవేశ సత్యాగ్రహంలో వాలంటీర్ల దళపతి, 1952 తర్వాత లోక్‌సభలో కమ్యూనిస్టుల గొంతు, జైలుకు అలవాటైన మనిషి.

కథ అంతకు ముందు మొదలైంది. 1930ల ఆర్థిక మాంద్యంలో కాఫీ గింజలు గోడౌన్లలో పేరుకుపోయాయి. విదేశాల్లో కొనేవాడు లేడు, దేశంలో తాగేవాడు లేడు. దేశవాసులకు కాఫీ అలవాటు చేయడానికి 1935లో ఏర్పడిన సెస్ కమిటీ మరుసటి ఏడాది బొంబాయి చర్చ్‌గేట్‌లో తొలి కాఫీ హౌస్ తెరిచింది. 1942లో చట్టం ద్వారా కాఫీ బోర్డు వచ్చాక ఆ బాధ్యత దానికి బదిలీ అయింది. 1940లలో దేశమంతా దాదాపు యాభై వరకు వెలిశాయి. అంటే మనం ప్రజాస్వామ్య వేదికలని మురిసిపోతున్నవి తోటల యజమానుల సరుకు అమ్ముకోవడానికి పెట్టిన ప్రచార దుకాణాలు. చరిత్రకు ఇలాంటి పరాచికాలు మామూలే.

అలవాటు చేయడం అయిపోయింది, ఇక హోటళ్లు మనకెందుకని 1950ల మధ్యలో బోర్డు వాటిని మూసేయడం ప్రారంభించింది. కార్మికులు వీధిన పడ్డారు. సంఘంగా ఏర్పడి మీరే నడుపుకోండని ఏకేజీ చెప్పారు. 1957 ఆగస్టులో బెంగళూరులో తొలి సహకార సంఘం, అక్టోబర్‌లో ఢిల్లీలో తొలి హోటల్, 1958 మార్చి 8న త్రిసూర్‌లో కేరళ తొలి కాఫీ హౌస్. కోల్‌కతాలోనూ 1958లో మూతపడిన ఆల్బర్ట్ హాల్, అధ్యాపకుల విజ్ఞప్తులతో అదే ఏడాది మళ్లీ తెరుచుకుంది. నిన్నటిదాకా ట్రే మోసినవారు పెట్టుబడికి చందాలు వేసుకుని, లెక్కలు నేర్చుకుని, పాలకవర్గాలను ఎన్నుకున్నారు. త్రిసూర్ సంఘాన్ని నిలబెట్టిన నడక్కల్ పరమేశ్వరన్ పిళ్లై ఈ అనుభవాలన్నీ 'కాఫీ హౌసింటె కథ' (2005) పేరుతో మలయాళంలో రాశారు. సర్వర్లు రాసుకున్న సొంత చరిత్రలు మన దేశంలో ఎన్ని ఉన్నాయి? ఆ ఒక్క కారణానికైనా అది తెలుగులోకి రావాల్సిన పుస్తకం. దేశం మొత్తం మీద కాఫీ హౌస్‌ల చరిత్ర ఒక్కచోట కావాలంటే భాస్వతీ భట్టాచార్య 'మచ్ అడో ఓవర్ కాఫీ' (2017) చూడాలి.

తిరువనంతపురం రైల్వేస్టేషన్ దిగి తంపానూర్ బస్టాండు పక్కకు వస్తే కనిపించే ఎర్రటి గుండ్రటి భవనాన్ని కొత్తవారు గిడ్డంగి అనుకుంటారు. బర్మింగ్‌హామ్‌లో పుట్టి, 1989లో భారత పౌరసత్వం తీసుకుని, 2007లో ఇదే నగరంలో కన్నుమూసిన లారీ బేకర్ కట్టిన కాఫీ హౌస్ అది. లోపల అంతస్తులు లేవు. ఒకే ఏటవాలు దారి మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. దాని వెంబడే గోడవైపు బల్లలు. ఇటుకల మధ్య వదిలిన రంధ్రాలలోంచి గాలి, వెలుతురు ధారాళం. ఏసీ అక్కర్లేదు. ఎక్కడ కూర్చున్నా కొంచెం ఒరిగి ఉన్నామేమోనన్న అనుమానం కలుగుతుంది. కాఫీ మాత్రం ఒలకదు.

మసాలా దోసె విప్పితే లోపల ఎర్రటి కూర. కేరళ కాఫీ హౌస్‌లలో బంగాళాదుంపతో పాటు బీట్‌రూట్ కూడా వేస్తారు. మొదటిసారి చూసిన ఆంధ్రుడికి అనుమానం, రెండో ముద్దకు అలవాటు. పక్క బల్ల మీద ఆస్పత్రి కాగితాల సంచీతో ఒక కుటుంబం, వెనుక బల్లమీద ఇద్దరు బస్సు కండక్టర్లు. కోల్‌కతాలో లాగా కవిత్వం వినపడలేదు, ఢిల్లీలో లాగా ఎమర్జెన్సీ వినపడలేదు. బస్సు ఎన్నింటికి, డాక్టరు ఏమన్నాడు, ఇవే మాటలు. మేధావుల కాఫీ హౌస్ అన్న ముద్ర కేరళలో చెల్లదు. ప్రభుత్వ ఆస్పత్రుల ఆవరణల్లో సైతం ఈ హోటళ్లు ఉన్నాయి. రోగికి తోడుగా వచ్చినవారికి తక్కువ ధరకు ఇడ్లీ, వేడి పాలు దొరకడం కన్నా పెద్ద ప్రజాస్వామ్యం ఏముంటుంది!

తలపాగా సర్వర్ తీరిక చిక్కినప్పుడు నడుం పట్టీ సంగతి చెప్పాడు. దాని రంగును బట్టి ఉద్యోగి హోదా తెలుస్తుంది. వంటగదిలో సహాయకుడిగా చేరినవాడు సీనియారిటీతో మేనేజర్ దాకా పోవచ్చు. మేనేజర్‌గా బయటినుంచి ఎవరినో తెచ్చి కూర్చోబెట్టరు. ఇదంతా చెప్పేటప్పుడు అతని గొంతులో ఉద్యోగి వినయం లేదు. తన ఇల్లు చూపించేవాడి నిబ్బరం ఉంది.

అద్దె గెలిచిన చోటు

బెంగళూరులో మాత్రం లెక్క వేరు. సహకార ఉద్యమానికి పుట్టిల్లయిన ఈ నగరంలో ఎం.జి.రోడ్డు కాఫీ హౌస్ అర్ధశతాబ్దం నడిచి 2009లో ఖాళీ చేయాల్సి వచ్చింది. స్థలం ప్రైవేటు యజమానిది. చివరి రోజుల్లో జనం క్యూ కట్టి దోసె తిని ఫొటోలు తీసుకున్నారు. ఆ తర్వాత అది దగ్గరలోని చర్చి స్ట్రీట్‌కు మారింది. పాత కాఫీ ప్రకటనల పోస్టర్లు, తలపాగాలు వెంట వచ్చాయి. రోడ్డు పక్క కిటికీ మాత్రం రాలేదు. పాత ఖాతాదారులు ఇప్పటికీ బాధపడేది దాని గురించే. లోకం నడిచిపోతుంటే చూస్తూ కూర్చోవడానికి ఆ కిటికీ.

ఇదే నగరం బ్రిగేడ్ రోడ్డులో 1996లో కెఫె కాఫీ డే తొలి దుకాణం తెరుచుకుంది. కాఫీ బోర్డు పంట మొత్తాన్ని తానే కొని అమ్మే పద్ధతి అదే కాలంలో ముగిసింది. కాఫీ స్వేచ్ఛా సరుకైంది. 2012లో ముంబైలో స్టార్‌బక్స్ దిగింది. వాటినీ తప్పుపట్టలేం. సహకార కాఫీ హౌస్‌లో ఒంటరిగా కూర్చోవడానికి సంకోచించిన ఆడపిల్లలకు అవి ఏసీ గదిలో నిశ్చింతగా ఒక మూల ఇచ్చాయి. గంటల కొద్దీ కూర్చోనిస్తాయి కూడా. అయితే ఆ కుర్చీ ఖరీదు కాఫీ ధరలోనే కలిపి ఉంటుంది. రోజుకూలీ ఆ తలుపు తోయడు. తోయవద్దని బోర్డేమీ లేదు, ధరల పట్టికే బోర్డు.

దక్షిణాదిలో బోర్డుల చరిత్ర తెలిసినవారికి ఇది కొత్తకాదు. ఎ.ఆర్.వేంకటాచలపతి 'ఇన్ దోజ్ డేస్ దేర్ వాజ్ నో కాఫీ' (2006) తమిళ దేశంలో కాఫీ ఎలా మధ్యతరగతి హోదాకు గుర్తయిందో, టీ ఎలా శ్రామికుల పానీయంగా మిగిలిందో సరదాగా చెబుతుంది. కాఫీ హోటళ్లలో బ్రాహ్మణులకు వేరే గది ఉండే రోజులవి. కోస్తా పట్టణాల్లో 'బ్రాహ్మణ కాఫీ హోటల్' బోర్డులు మన పెద్దవాళ్లకూ గుర్తే. హోటల్ పేర్లలో 'బ్రాహ్మణ' పదం తీసేయాలని మద్రాసు ట్రిప్లికేన్‌లో పెరియార్ అనుచరులు ఆందోళనకు దిగింది 1957లో. బెంగళూరులో కార్మికులు సంఘం పెట్టుకున్నదీ ఆ ఏడాదే. ఒకచోట బల్ల దగ్గర కులం వద్దన్నారు, మరోచోట బల్లకు యజమాని వద్దన్నారు. రెంటినీ కలిపి చదవాల్సిన చరిత్ర ఇది.

కుర్చీకి ఎవరు చెల్లించాలి

బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ స్టువర్ట్ ఫ్రీడ్‌మన్ దేశమంతా తిరిగి కాఫీ హౌస్‌లను చిత్రించిన 'ద ప్యాలెసెస్ ఆఫ్ మెమరీ' (2015) చాలా అందమైన పుస్తకం. పెచ్చులూడిన గోడలు, వెలిసిన తలపాగాలు, ఆగిన గడియారాల మీద పడే సాయంకాలపు వెలుగు. తిరగేస్తుంటే మనసు కరుగుతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. జ్ఞాపకాల మహల్ అని ఒకసారి పేరుపడ్డాక దేన్నయినా మూసేయడం సులువు. చివరిరోజు వెళ్లి ఫొటో తీసుకుంటే మన బాధ్యత తీరినట్లే. మిగిలినవి కూడా మూతపడకుండా ఉండాలంటే జ్ఞాపకాలు కాదు, లెక్కలు కావాలి.

లెక్క చాలా చిన్నది. ఈ నాలుగు మజిలీల్లో కనిపించింది ఇది: భూమి ప్రజలదైన చోట కాఫీ హౌస్ ఎలాగో బతుకుతోంది. ఢిల్లీలో మున్సిపల్ భవనం. నష్టాలతో మూతపడబోతోందన్న వార్తలు వచ్చినా డాబా మిగిలింది. కేరళలో ప్రభుత్వ ఆస్పత్రుల ఆవరణలు. బెంగళూరులో భూమి ప్రైవేటుది, అర్ధశతాబ్దపు పేరూ అభిమానమూ కూడా కిటికీని కాపాడలేకపోయాయి. కాఫీ రుచి, సర్వర్ మర్యాద, ఖాతాదారుల ప్రేమ వంటివన్నీ అద్దె ముందు తేలిపోతాయి. అందువల్ల కూర్చునే హక్కు అనేది అంతిమంగా భూమి ప్రశ్న.

తెలుగు నగరాలకు ఈ ప్రశ్నతో పనిలేదనుకోవడానికి లేదు. హైదరాబాద్‌లో కాఫీ హౌస్ పాత్రను ఇరానీ హోటళ్లు పోషించాయి. పాలరాతి బల్లల మీద ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకుని పొద్దుపుచ్చిన తరాలు ఉన్నాయి. ఆబిడ్స్ ఓరియంట్ హోటల్‌లో కవులు, చిత్రకారులు, కార్మిక నాయకులు కూడిన రోజులను రాసినవారున్నారు. ఆ హోటల్ లేదు. కూడళ్లలో మూల స్థలాలకు విలువ పెరిగేకొద్దీ ఇరానీలు ఒక్కొక్కటే షోరూంలకు చోటిస్తున్నాయి. మరోవైపు 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ విదేశాల్లో పేరు తెచ్చుకుంటోంది. మన కొండల్లో గిరిజన రైతులు పండించిన గింజకు దూరదేశాల్లో కుర్చీ ఉంది. విశాఖలో, విజయవాడలో, వరంగల్లులో ఒక విద్యార్థి అదే కాఫీని తక్కువ ధరకు తాగుతూ సాయంత్రమంతా స్నేహితుడితో వాదించగల చోటు ఏదంటే వెతుక్కోవాలి.

బస్టాండ్లు, జిల్లా గ్రంథాలయాలు, విశ్వవిద్యాలయాలు, పెద్దాస్పత్రులు: వీటిలో ప్రతిదాని ఆవరణలోనూ వేలంపాటలో అత్యధిక అద్దె ఇచ్చినవారికి వెళ్లే గదులు కొన్ని ఉంటాయి. వాటిలో ఒక్కదాన్ని వేలం లేకుండా, నికరమైన అద్దెకు ఒక కార్మిక సహకార సంఘానికి ఇస్తే ఖజానాకు వచ్చే లోటు ఎంతో ఏ అకౌంటెంటైనా పది నిమిషాల్లో చెప్పగలడు. అలాంటి గది లేకపోవడం వల్ల ఊరికి వచ్చే లోటు ఎంతో చెప్పడానికి మాత్రం కాస్త తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవాలి. అందుకైనా ముందు ఒక బల్ల కావాలి.